తుపాకీ మోతకు కళ్లెం

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం, హార్ట్‌ఫర్డ్ నగరం. ఇరవయ్యో శతాబ్దం అప్పుడప్పుడే మొదలైన రోజులు. హైరమ్ పెర్సీ మాక్సిమ్ అనే ఇంజనీరు స్నానం ముగించి తొట్టి బిరడా లాగాడు. నీళ్లు సుడి తిరుగుతూ, తొందర లేకుండా కిందికి దిగిపోతున్నాయి. తుపాకీ గొట్టంలోంచి తన్నుకొచ్చే వాయువును కూడా ఇలాగే సుడి తిప్పి, నెమ్మదిగా బయటికి వదిలితే ఎలా ఉంటుంది? తుపాకీ సైలెన్సర్‌కు బీజం అక్కడ పడిందని చెబుతారు. 1909 మార్చి 30న దానికి పేటెంటు వచ్చింది.

ఆయన తండ్రి పేరు లోకానికి ఇంకా బాగా తెలుసు. 1884లో మాక్సిమ్ మెషీన్ గన్‌ను కనిపెట్టిన సర్ హైరమ్ మాక్సిమ్ ఆయనే. ఏళ్ల తరబడి తన తుపాకుల పక్కనే నిలబడి పరీక్షలు చేసి చేసి, చివరికి ఆ పెద్దాయన పూర్తిగా చెవుడు తెచ్చుకున్నాడు. కొడుక్కి యుద్ధాల కంటే వినోదం మీద మక్కువ. గురిచూసి కాల్చడం ఆయనకు ఇష్టమైన ఆట. కానీ ఆ మోతకు ఇరుగుపొరుగు విసుక్కుంటున్నారని తెలిసినప్పుడల్లా ఆటలో సంతోషం ఉండేది కాదని ఆయనే రాసుకున్నాడు. చప్పుడు లేకుండా ఎందుకు కాల్చకూడదు అన్నది ఆయన వేసుకున్న ప్రశ్న. సైలెన్సర్ పుట్టుక వెనక హంతకుడు లేడు, గూఢచారి లేడు. పక్కింటివాళ్లను ఇబ్బంది పెట్టకూడదనుకున్న ఒక సరదా షూటర్ ఉన్నాడు.

ఈ మాట రేడియోలో చెప్పుకోవడానికి మరో కారణం కూడా ఉంది. 1914లో ఇదే మాక్సిమ్ హార్ట్‌ఫర్డ్ నుంచి యాభై కిలోమీటర్ల లోపే ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వైర్‌లెస్ సందేశం పంపబోయాడు. అందలేదు. మధ్యలో విండ్సర్ లాక్స్ అనే ఊళ్లో ఇంకొక ఔత్సాహికుడు ఉంటే, అతని ద్వారా చేరవేయించాడు. ఆ అనుభవంతో క్లారెన్స్ టస్కా అనే యువకుణ్ని కలుపుకొని అమెరికన్ రేడియో రిలే లీగ్‌ను స్థాపించాడు. ప్రపంచంలోని హామ్ రేడియో సంఘాల్లో పెద్దవాటిలో అదొకటి. 1926లో ఇంటి కెమెరాలతో సినిమాలు తీసుకునేవారి కోసం ఇంకొక సంఘాన్ని కూడా పెట్టాడు. వ్యసనంలాంటి ఒక అభిరుచి ఉన్న నలుగురు ఒకచోట చేరితే ఏం జరుగుతుందో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదేమో!

ఆ రోజుల్లో మాక్సిమ్ సైలెన్సర్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికేది, టపాలోనూ వచ్చేది. 22 బోరు రైఫిల్‌కు బిగించేది ఐదు డాలర్ల చుట్టూ ఉండేది. అధ్యక్షుడిగా పనిచేసిన థియొడోర్ రూజ్‌వెల్ట్ తన వించెస్టర్ రైఫిళ్లలో ఒకదానికి దాన్ని బిగించుకున్నాడు. అదే సూత్రంతో మాక్సిమ్ కంపెనీ మోటారు ఇంజన్లకు కూడా సైలెన్సర్లు చేసింది. హైదరాబాదు, విశాఖ వంటి నగరాల్లో కుర్రాళ్లు బుల్లెట్ బండికి పీకేసి మోత పుట్టించేదీ, పోలీసులు అలా మార్చినవాటిని పట్టుకొచ్చి రోడ్డు రోలరు కింద తొక్కించేదీ ఈ వంశంలోని వస్తువుల్నే.

సినిమాల్లో చూపించేది వేరు. విలన్ పిస్తోలు చివర ఒక గొట్టం తిప్పి బిగిస్తాడు, పక్క గదిలోని మనిషి నిద్ర కూడా చెదరదు. నిజంగా అలాంటి తుపాకీ పక్కన ఒక్కసారి నిలబడినవాళ్లు ఆ దృశ్యాన్ని మళ్లీ నమ్మలేరు.

తుపాకీ పేలినప్పుడు చెవిన పడేది ఒక్క చప్పుడు కాదు. అందులో మూడు కలిసి ఉంటాయి. మొదటిది గొట్టం మూతి దగ్గర పుట్టే పేలుడు. లోపల మందు మండి విపరీతమైన ఒత్తిడితో వాయువు తయారవుతుంది, తూటా మూతి దాటగానే అదంతా ఒక్కసారిగా బయటి గాలిని గుద్దుతుంది. సైలెన్సర్ పట్టుకోగలిగేది దీన్నే. గొట్టం చివర తిప్పి బిగించే ఈ డబ్బాలో వరసగా శంకు ఆకారపు అడ్డు పలకలు ఉంటాయి. వాటి మధ్య గుండా తూటా సూటిగా వెళ్లిపోతుంది, వెనకే వచ్చిన వాయువు మాత్రం గది తర్వాత గదిలో చిక్కుకొని, వ్యాకోచించి, చల్లబడి, ఒత్తిడి చచ్చాక బయటపడుతుంది. రెండో చప్పుడు తూటాదే. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. తూటా అంతకన్నా వేగంగా పోతే దారి పొడవునా కొరడా ఝళిపించినట్టు ఫట్‌మంటుంది. మూతి దగ్గర ఏం బిగించినా ఆ ఫట్టు పోదు. అమెరికాలో సామాన్యంగా వాడే ఏఆర్-15 రైఫిల్ తూటా సెకనుకు 900 మీటర్లు దాటి పోతుంది. మూడోది యంత్రం చప్పుడు. బోల్టు వెనక్కి కొట్టుకోవడం, ఖాళీ తొడుగు ఎగిరి పడటం లాంటివి. ఇది చిన్నదే. మిగతా రెండూ తగ్గినప్పుడే అదొకటి ఉందని తెలుస్తుంది.

అంకెల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. ఏఆర్-15 మూతి దగ్గర 165 డెసిబెల్స్ వరకూ వెళ్తుంది. మంచి సైలెన్సర్, అంటే సప్రెసర్, అందులో ముప్పై దాకా తగ్గిస్తుంది. డెసిబెల్ కొలతలో పది తగ్గితే శక్తి పదో వంతు అవుతుంది, ముప్పై తగ్గితే వెయ్యో వంతు. అది చిన్న విజయం కాదు. అయినా మిగిలేది 135 చుట్టూ. మన దేశంలో దీపావళి బాంబులకు చట్టం పెట్టిన హద్దు నాలుగు మీటర్ల దూరంలో 145 డెసిబెల్స్. కొలిచే దూరాలూ పద్ధతులూ వేరు కాబట్టి రెండూ సరిగ్గా పోల్చలేం కానీ, సైలెన్సర్ బిగించిన రైఫిల్ చప్పుడు ఏ కోవకు చెందుతుందో తెలియడానికి ఇది చాలు. పక్క గదిలో మనిషి నిద్రపోయే చప్పుడు కాదది.

నెమ్మదైన తూటాతో అయితే కథ మారుతుంది. ధ్వని వేగాన్ని దాటని 22 బోరు తూటాలు సెకనుకు 320 మీటర్ల దగ్గర పోతాయి. వాటిని మంచి సైలెన్సర్‌తో కాలిస్తే 115 డెసిబెల్స్ ప్రాంతానికి దిగుతుంది. 45 బోరు పిస్తోలు తూటా బరువైనది, సహజంగానే నెమ్మదైనది. 2011లో అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ ఆమోదించిన 300 బ్లాకవుట్ అనే కార్ట్రిడ్జ్‌ను తయారుచేసినవాళ్ల మనసులో సైలెన్సర్ ముందు నుంచీ ఉంది. బరువైన తూటా, ధ్వనికి తక్కువ వేగం, పొట్టి గొట్టం. సరదా షూటర్లలో దానికి ఇంత ఆదరణ రావడానికి కారణం అదే.

ఇక చెవి సంగతి. ఈ ప్రసంగంలో ముఖ్యమైన భాగం ఇదే.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారపు కాక్లియాలో సుమారు పదిహేను వేల సన్నని రోమకణాలు ఉంటాయి. ధ్వనిని మెదడుకు అందించేవి అవే. కోడిలో, చేపలో చచ్చిన రోమకణాలు మళ్లీ పుడతాయి. మనిషికి పుట్టవు. రోజంతా యంత్రాల మధ్య పనిచేసేవాడి చెవి ఏళ్ల మీద నెమ్మదిగా అరుగుతుంది, తుపాకీ దెబ్బకు మాత్రం ఒక్క క్షణం చాలు. అందుకే ఒక్కసారిగా వచ్చే చప్పుడు 140 డెసిబెల్స్ దాటరాదని అమెరికా కార్మిక భద్రతా నియమాలు చెబుతాయి. సైలెన్సర్ లేని తుపాకీ దాదాపు ఏదైనా ఆ గీతను దాటుతుంది. మొదట పోయేది నాలుగు వేల హెర్ట్జ్ చుట్టుపక్కల స్వరాలు. మాట వినపడుతుంది, మాటలోని స, ష, త, ప లాంటి హల్లులు వినపడవు. ఇంట్లో వాళ్లు గొణుగుతున్నారని అతను కోప్పడతాడు, అతను వినిపించుకోవడం లేదని వాళ్లు నొచ్చుకుంటారు. ఆ తర్వాత రాత్రిళ్లు చెవిలో ఆగని గుయ్యిమనే మోత మొదలవుతుంది. దానికి పూర్తిగా నయం చేసే మందు ఇంతవరకూ లేదు. కుడిచేతివాటం రైఫిల్ షూటర్లలో ఎడమ చెవి ముందుగా దెబ్బతింటుంది. భుజానికి రైఫిల్ ఆనించినప్పుడు గొట్టం మూతికి దగ్గరగా ఉండేది ఆ చెవే, కుడి చెవికి తలే అడ్డు.

చెవి బిరడాలు, చెవి మీద పెట్టుకునే మఫ్‌లు ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, తప్పనిసరి కూడా. డబ్బా మీద ముప్పై డెసిబెల్స్ తగ్గిస్తుందని రాసి ఉంటే, సరిగ్గా అమర్చుకోనివాడికి అందులో సగం కూడా దక్కదు. కళ్లజోడు కాడ మఫ్ అంచును కాస్త ఎత్తినా చాలు, అంతా వృథా. రెండూ కలిపి పెట్టుకుంటే రెట్టింపు రక్షణ రాదు, మరో ఐదు డెసిబెల్స్ మాత్రం అదనంగా కలుస్తాయి. అందుకే మోతను పుట్టినచోటే తగ్గించాలనే పద్ధతి ఇంజనీర్లకు నచ్చుతుంది. సైలెన్సర్, దాని పైన చెవి రక్షణ, రెండూ కలిస్తేనే చెవికి నిజమైన ఊరట. అనుభవజ్ఞులైన షూటర్లు సైలెన్సర్ ఉన్నా మఫ్ తీయరు. తీసేవాళ్లను చూసి కొత్తవాళ్లు నేర్చుకుంటారు, అదే బాధ.

అమెరికా పడమటి రాష్ట్రాల్లో, ఆరిజోనాలోనో యూటాలోనో, శనివారం పొద్దున్నే సైలెన్సర్లు బిగించి సరదాగా కాల్చే మిత్రుల బృందాలు కనిపిస్తాయి. అక్కడ కేంద్ర ప్రభుత్వ భూమి కోట్ల ఎకరాలు ఉంది, అందులో చాలా చోట్ల గురిసాధనకు అనుమతి ఉంది. వెనక ఎత్తైన మట్టిదిబ్బ లేదా కొండవాలు ఉన్న చోటు వెతుక్కుంటారు. తూటా ఎక్కడ ఆగుతుందో తెలియకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టడం ఆ లోకంలో అన్నిటికన్నా పెద్ద తప్పు. ట్రక్కు వెనక తలుపు దించితే అదే బల్ల. దాని మీద మందుల పెట్టె, నీళ్లు, పరికరాలు, చాంబర్ ఖాళీ అని చూపించే పసుపురంగు ప్లాస్టిక్ జెండాలు. ఇనుప పలకలు గొలుసులతో వేలాడదీస్తారు. అవి తూటా తగిలిన వైపు కొద్దిగా నేలకు వంగి ఉండాలి, తుళ్లిన ముక్కలు కిందికి పోయేలా. వంద గజాలు, రెండు వందల గజాలు దూరం కొలుచుకుంటారు. ఒకరు రేంజ్ బాధ్యత తీసుకుంటారు. ఆ మనిషి "కోల్డ్" అంటే అందరూ తుపాకులు దించి వెనక్కి జరగాలి, "హాట్" అన్నాకే మళ్లీ మొదలు. ఆ మనిషి మిగతావాళ్లకన్నా చిన్నవాడైనా మాట మాటే.

ఈ బృందాల్లో సప్రెసర్‌కు ముద్దు పేరు "క్యాన్". స్టీలుది, టైటానియందీ, గట్టి నికెల్ మిశ్రమందీ, చిన్న 22 బోరుకు అల్యూమినియందీ. ఎవరి క్యాన్ ఎంత తేలిక, ఎవరిది ఎంత నెమ్మది అన్నది తెగని చర్చ. ఆ రోజు మొదటి తూటాకు చప్పుడు ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుంది. డబ్బా లోపల నిలిచిన గాలిలోని ఆక్సిజన్‌తో మిగిలిన మందు మళ్లీ అంటుకోవడం దానికి కారణం. రెండో తూటా నుంచి లోపల కాలిన వాయువే ఉంటుంది కాబట్టి మోత దిగిపోతుంది. ఆ తేడా విని తెలిసినవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుంటారు. కొత్తగా వచ్చినవాడికి ఎందుకో అర్థం కాదు, ఎవరో ఒకరు వివరిస్తారు.

దీంతో ఇబ్బందులూ ఉన్నాయి. గొట్టం చివర కొత్త బరువు పడితే తూటా తగిలే చోటు కొద్దిగా జరుగుతుంది, గురి మళ్లీ సరిచేసుకోవాలి. మరలు సరిగ్గా ఒకే గీతలో లేకపోతే తూటా లోపలి పలకకు తగిలి వందల డాలర్ల వస్తువు క్షణంలో చిరిగిపోతుంది. అందుకే బిగించాక గొట్టంలోంచి నిటారు కడ్డీ పంపి చూసుకునేవాళ్లున్నారు. వరసగా ఒకటి రెండు మ్యాగజైన్లు కాలిస్తే క్యాన్ పొయ్యి మీంచి దించిన ఇనుములా కాలుతుంది. దాని మీదుగా లేచే వేడి ఆవిరి దుర్భిణిలో లక్ష్యాన్ని నీళ్లలో ప్రతిబింబంలా కదిలిస్తుంది. దానికి దట్టమైన గుడ్డ తొడుగు వేస్తారు. ఏఆర్ రకం తుపాకుల్లో వెనక్కి తన్నే వాయువు కూడా పెరిగి, కళ్లకూ ముక్కుకూ ఘాటుగా తగులుతుంది. ఇవన్నీ భరించి ఎందుకు వాడతారు?

ఒకే ఒక్క కారణం చెప్పమంటే, మాట. మామూలు రేంజ్‌లో పక్క తుపాకీ పేలుతుంటే మనిషికీ మనిషికీ మధ్య సంభాషణ చచ్చిపోతుంది, సైగలే మిగులుతాయి. ఇక్కడ అలా కాదు. 22 బోరుతో వంద గజాల ఇనుప పలక మీద కాలిస్తే, ట్రిగ్గర్ నొక్కిన తర్వాత అర సెకను దాటాక "ఠంగ్" అని వినిపిస్తుంది. తూటా చేరడానికి సుమారు మూడో వంతు సెకను, పలక చప్పుడు తిరిగి రావడానికి దాదాపు అంతే. ఆ ఠంగు వినడానికే కాలుస్తారనిపిస్తుంది. తగిలిందా లేదా అని దుర్భిణిలో చూసి చెప్పేవాడు పక్కనే మామూలు గొంతుతో "ఎడమకి కాస్త, గాలి లేచింది" అనగలడు. కాల్చేవాడు వినగలడు. చెవి మీద ఎలక్ట్రానిక్ మఫ్ ఉంటే, మాటను పెంచి మోతను ఆపే ఆ పరికరం ఈ సౌఖ్యాన్ని రెట్టింపు చేస్తుంది.

కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు ఈ లాభం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తుపాకీ పట్టిన మనిషిని గురి తప్పించేది చాలా సార్లు చెయ్యి కాదు, భయం. పేలబోతోందని శరీరం ముందే ఊహించి ఉలిక్కిపడుతుంది, మూతి కిందికి వంగుతుంది, తూటా నేలకు పోతుంది. మ్యాగజైన్‌లో మధ్య మధ్య మందు లేని డమ్మీ తూటాలు కలిపి ఇవ్వడం శిక్షకులు పాతకాలం నుంచీ వాడుతున్న ఉపాయం. డమ్మీ వచ్చినప్పుడు ఏమీ పేలదు, కానీ చేతులు తుళ్లిపడటం అందరికీ కనిపిస్తుంది. సైలెన్సర్ ఆ ఉలికిపాటుకు మూలాన్నే తగ్గిస్తుంది. మోతతోపాటు వెనక్కి తన్నే దెబ్బ కూడా కొంత నెమ్మదిస్తుంది. మొదటి రోజే భయపడి మళ్లీ రాని మనిషికీ, ఆ మరుసటి శనివారం కూడా వచ్చే మనిషికీ మధ్య తేడా చాలాసార్లు ఇంతే.

సాయంత్రం అయ్యేసరికి రెండు పనులు మిగులుతాయి. ఖాళీ తొడుగులు, పగిలిన లక్ష్యాలు, డబ్బాలు అన్నీ ఏరుకోవడం ఒకటి. చెత్త వదిలిపోయే బృందాల వల్లే ప్రభుత్వ భూముల్లో కొన్ని చోట్లు షూటర్లకు మూతపడ్డాయి. రెండోది సీసం. 22 బోరు తూటాలు మెత్తని సీసంతో చేసినవి, ఆ క్యాన్‌లో మసితోపాటు సీసం పేరుకుంటుంది. దాన్ని వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన ద్రావణంలో ముంచి శుభ్రం చేసే పద్ధతి ఒకటి అభిరుచివాళ్ల మధ్య ప్రచారంలో ఉంది. అలా చేస్తే తయారయ్యేది సీసపు అసిటేట్, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోగల విషం. తెలిసినవాళ్లు గట్టిగా వద్దంటారు. చేతులు కడగకుండా తినకపోవడం, ఆ బట్టలతో పసిపిల్లలను ఎత్తుకోకపోవడం ఈ ఆటలో చెవి రక్షణంత ముఖ్యం.

ఇంత నెమ్మదైన వినోదం మీద చట్టం కన్ను ఎందుకు పడింది? 1934 జూన్ 26న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకంతో జాతీయ ఆయుధాల చట్టం వచ్చింది. మద్యనిషేధ కాలపు ముఠాలు, మెషీన్ గన్ హత్యలు జనాన్ని బెదరగొట్టిన రోజులవి. ముసాయిదాలో పిస్తోళ్లు కూడా ఉన్నాయి, తర్వాత తీసేశారు. మెషీన్ గన్లు, పొట్టి గొట్టపు రైఫిళ్లు, సైలెన్సర్లు మిగిలాయి. ఒక్కోదాని బదిలీకి 200 డాలర్ల పన్ను. ఐదు డాలర్ల వస్తువు మీద 200 డాలర్లు! సామాన్యుడి చేతిలోంచి సైలెన్సర్ మాయమైంది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధకాలంలో గూఢచార సంస్థ ఓఎస్ఎస్ అధిపతి విలియం డొనొవాన్ ఒక సైలెన్సర్ పిస్తోలుతో అదే అధ్యక్షుడి గదిలో ఇసుక సంచిలోకి పది తూటాలు కాల్చాడనీ, ఉత్తరం చెప్పి రాయిస్తున్న రూజ్‌వెల్ట్ గమనించలేదనీ ఓఎస్ఎస్ వాళ్లు కథగా చెప్పుకునేవారు. జనం ఊహలో సైలెన్సర్ గూఢచారి వస్తువుగా స్థిరపడింది ఇలాంటి కథలతోనే.

ఆ 200 డాలర్లు తొంభై ఏళ్ల పాటు మారలేదు. ధరలు పెరిగిన కొద్దీ పన్ను బరువు తగ్గింది. దరఖాస్తు, వేలిముద్రలు, ఫొటోలు, కేంద్ర సంస్థ ఏటీఎఫ్ అనుమతి కోసం నెలల తరబడి ఎదురుచూపు మాత్రం మిగిలాయి. 2021 చివర్లో ఆన్‌లైన్ దరఖాస్తు మొదలై, 2024 నాటికి చాలామందికి రోజుల్లోనే అనుమతి రావడంతో కొనేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. 2021 నాటికే రిజిస్టరైన సైలెన్సర్లు 26 లక్షలు దాటాయి. 2025 జూలై 4న సంతకమైన చట్టం ప్రకారం 2026 జనవరి 1 నుంచి వీటి మీద పన్ను సున్నా. రిజిస్ట్రేషన్ మాత్రం ఉంది. పన్నే లేనప్పుడు రిజిస్ట్రేషన్ ఎందుకని కోర్టుల్లో దావాలు పడ్డాయి.

మిత్రుల బృందానికి సంబంధించి చట్టంలో ఒక మెలిక ఉంది. క్యాన్ ఎవరి పేరున రిజిస్టరైందో వాళ్ల సమక్షంలోనే మిగతావాళ్లు వాడాలి. వారాంతానికి తీసుకుపో అని మిత్రుడికి ఇచ్చి పంపితే అది నేరం. అందుకే కొందరు మిత్రులు, అన్నదమ్ములు కలిసి ట్రస్టు పెట్టుకుంటారు, ట్రస్టీలంతా దాన్ని దగ్గర ఉంచుకోవచ్చు. 2016 నుంచి ప్రతి ట్రస్టీ వేలిముద్రలు కూడా ఇవ్వాలి. అనుమతి లేకుండా ఇంట్లో తయారుచేసుకుంటే పదేళ్ల వరకూ జైలు.

అక్కడ స్థిరపడ్డ తెలుగువారికి ఇది దూరపు సంగతి కాదు. టెక్సాస్, జార్జియా, నార్త్ కరొలినా వంటి 42 రాష్ట్రాల్లో సైలెన్సర్ ఉంచుకోవచ్చు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీ, కాలిఫోర్నియా మిగిలిన ఎనిమిదిలో ఉన్నాయి, అక్కడ నిషేధం. డాలస్ మిత్రుడు కారులో పెట్టుకొని న్యూజెర్సీలోని ఎడిసన్ వస్తే వస్తువు అదే, నేరం కొత్తది. ఇంకొకటి చాలామందికి తెలియదు. హెచ్1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. "ఒక్కసారి పట్టుకుని చూడు బావా" అని ఆప్యాయంగా పిలిచే మిత్రుడికీ, మొహమాటపడి వెళ్లే మిత్రుడికీ ఈ విషయం ముందే తెలిసి ఉండాలి. తెలియక పట్టుకున్నానంటే వీసా అధికారి వినడు.

మరో వైపు వాదన తేలికగా తీసిపారేసేది కాదు. 2019 మే 31న వర్జీనియా బీచ్ నగరపాలక భవనంలో ఒక వ్యక్తి 45 బోరు పిస్తోలుకు సప్రెసర్ బిగించి పన్నెండు మందిని చంపాడు. మోత తగ్గితే అది తుపాకీ అని గుర్తుపట్టి పారిపోవడానికి దొరికే కొద్ది క్షణాలు కూడా పోతాయని నియంత్రణ కోరేవాళ్లు అంటారు. నగరాల్లో తుపాకీ చప్పుళ్లను మైకులతో పసిగట్టే వ్యవస్థలున్నాయి, వాటికీ ఇబ్బందే. సైలెన్సర్ల మీద ఆంక్షలు సడలించాలన్న బిల్లు మొదట 2015లో వచ్చింది. 2017 అక్టోబరులో లాస్ వేగస్‌లో జరిగిన నరమేధం తర్వాత చాలా కాలం మూలన పడింది. అదే 2017లో ఏటీఎఫ్ ఉన్నతాధికారి ఒకరు రాసిన పత్రంలో, నేరాల్లో సైలెన్సర్ వాడకం చాలా అరుదని ఉంది. రెండూ నిజాలే. రిజిస్ట్రేషన్, నేర చరిత్ర పరిశీలన ఉండటం వల్లే ఆ అరుదు సాధ్యమైందని అనుకోవడానికి గట్టి కారణం ఉంది. చెవిని కాపాడే పరికరం మీద పన్ను తీసేయడం సబబు. ఎవరి దగ్గర ఏముందో రాసిపెట్టే పుస్తకాన్ని మూసేయడం సబబు కాదు. శనివారం పొద్దున్న పసుపు జెండా పెట్టి, "కోల్డ్" అనగానే వెనక్కి జరిగే మనుషులకు ఒక దరఖాస్తు భారం కాదు.

ఉత్తర ఐరోపాలో, న్యూజీలాండ్‌లో ఈ గొడవ ఇంతగా కనిపించదు. నార్వేలో తుపాకీకి కఠినమైన లైసెన్సు, సైలెన్సర్‌కు మాత్రం విడిగా లైసెన్సు అక్కర్లేదు. ఫిన్లాండ్ వృత్తి ఆరోగ్య పరిశోధకులు 1990లలోనే వేట రైఫిళ్ల సైలెన్సర్లు చెవిని ఎంత కాపాడతాయో కొలిచి చూశారు. న్యూజీలాండ్ పొలాల్లో కుందేళ్లను కొట్టే 22 రైఫిల్‌కు సైలెన్సర్ లేకపోవడమే వింత. ఆ దేశాల్లో పక్క పొలం రైతును, అతని గొర్రెలను బెదరగొట్టకుండా కాల్చడం మర్యాదగా లెక్క. తేడా ఎక్కడుందంటే, అక్కడ చట్టం తుపాకీ ఎవరి చేతికి వెళ్తుందో దాని మీద తన శక్తినంతా పెట్టింది.

మన దేశంలో లెక్క వేరు. 1959 ఆయుధాల చట్టం మోతను గానీ మంటను గానీ తగ్గించేందుకు చేసిన ఉపకరణాన్ని తుపాకీ నిర్వచనంలోనే చేర్చింది. అంటే ఆ ఖాళీ గొట్టం ఒక్కటి లైసెన్సు లేకుండా దగ్గరుంటే, తుపాకీ దగ్గరున్నట్టే. లైసెన్సు తుపాకులతో సాధన చేసే క్రీడాకారులకు కూడా అది అందుబాటులో ఉండే వస్తువు కాదు. కాబట్టి ఇక్కడ చెవిని కాపాడే భారమంతా బిరడాల మీద, మఫ్‌ల మీద పడుతుంది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఎయిర్ రైఫిల్‌తో. అది గాలి ఒత్తిడితో పనిచేసేది, దాని మోతతో చెవికి పెద్ద ప్రమాదం లేదు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో జట్టుతో స్వర్ణం గెలిచిన 25 మీటర్ల పిస్తోలు పోటీ మాత్రం 22 బోరుది. అందులో నిజమైన మందు పేలుతుంది. ఆమెను చూసి రేంజ్‌లకు వస్తున్న పిల్లలు వరసలో నిలబడి, పక్కపక్కనే, వందల తూటాలు కాలుస్తారు. పైకప్పూ గోడలూ ఉన్న చోట ఆ మోత తిరిగి కొడుతుంది కూడా.

అలాంటి పిల్లల తల్లిదండ్రులు శిక్షకుణ్ని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పిల్లల తలకు సరిపోయే చిన్న మఫ్‌లు ఉన్నాయా? లోపల నురుగు బిరడా, పైన మఫ్ రెండూ పెట్టిస్తున్నారా? బిరడాను సన్నగా నలిపి, చెవి పైభాగాన్ని వెనక్కి లాగి లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవడం నేర్పారా? ఏడాదికొకసారి ఆడియోగ్రామ్ తీయిస్తున్నారా? చెవిలో దూది పెట్టుకుంటే చాలనే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. దూది ఆపేది ఐదారు డెసిబెల్స్. 22 బోరు పిస్తోలు 150 దాటుతుంది.